ఇనాం అన్న మాట గురించి

నల్లగొండ

చిరంజీవి తమ్మునికి ఆశీస్సులు.

నీవు పంపిన కథను రెండుసార్లు చదివాను. చెరువుకట్ట మీద ఊరి పొలాలకు నీరు పారించే నీరటి తాత నడిచి వచ్చే ఘట్టం చదువుతుంటే మా ఊరే కళ్ల ముందు నిలిచింది. అయితే అతని ఇనాం భూమిని ‘దొర దయతలచి ఇచ్చిన కానుక’ అని నీవు రాసిన చోట ఆగిపోయాను.

నిఘంటువు నీ పక్షమే. ఇనాం అరబ్బీ మాట; అనుగ్రహం, మేలు అని దాని మూలార్థం; నియామత్ కూడా ఆ ధాతువు నుంచే పుట్టింది. పారసీ, ఉర్దూల మీదుగా నిజాం కాలపు దఫ్తరాలకు, అక్కడి నుంచి మన భూమి లెక్కల పహాణీలకు చేరింది. ఆటల్లో గెలిచిన పిల్లవానికి ఇచ్చే ఇనాంలో ఆ పాత అర్థం నేటికీ చెక్కుచెదరలేదు.

నీరటి ఇనాం అటువంటిది కాదు. తూము తీయడం, మూయడం, ఆయకట్టు చివరి మడి దాకా నీరు పారించడం, ముసురు పట్టిన రాత్రుల్లో అలుగును కనిపెట్టుకొని ఉండడం అతని పని. ఆ పని సాగినన్నాళ్లే ఆ ఇనాం భూమి అతనిది. నా చిన్నతనంలో ఒక తెల్లవారుజామున మా ఊరి నీరటి మా అరుగు మీద కూర్చొని, పిక్కలకు ఎండి అంటుకున్న ఒండ్రును గోటితో గీకి రాలుస్తూ, ‘కన్ను మూస్తే కాలువ తెగుతది, కాలువ తెగితే నా ఇనాం పోతది పటేలా’ అని మా నాయనతో అన్నాడు. కష్టానికి దక్కిన కూలికి కానుక అని పేరు పెట్టడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. 1955 నాటి హైదరాబాద్ ఇనాముల రద్దు చట్టం సైతం సేత్‌సింధీ (ఊరి కావలివారి), నీరటి, బలూతా (ఊరి చేతివృత్తులవారి) ఇనాములను గ్రామసేవ కోసం ఇచ్చినవిగా గుర్తించి, తక్కిన వాటి నుంచి వేరుగా ఉంచింది.

గుడి మాన్యం సంగతీ గమనించు. మానం అంటే గౌరవం. ఆ సంస్కృత పదం నుంచే మాన్యం వచ్చింది. భూమి ఇవ్వడమనే ఒకే పనికి ఒక భాష గౌరవమని, మరొకటి అనుగ్రహమని పేరు పెట్టాయి. రెండూ ఇచ్చినవారి వైపు నుంచి పుట్టిన పేర్లే. పుచ్చుకున్నవాడు ఆ మాటను ఏ అర్థంలో పలికాడో చెప్పవలసింది కథ రాసే నీవు.

కానుక అన్న మాటను కథకుని వాక్యంలో నుంచి తీసి దొర నోట పెట్టు. తాత ఇనాం అన్నప్పుడు మాత్రం అతని చేతిలో పార ఉండనీ. తిరగరాసి పంపు, ఎదురుచూస్తుంటాను.

నీ అన్న