ఆకు చదువు అన్నం పెడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి వృక్షశాస్త్రంలో డిగ్రీ పూర్తి చేస్తోంది. ఆకును తెంపకుండా, కాంతి సాయంతో అందులోని నీటిని, రసాయనాలను కొలిచే పరిశోధన చేస్తానంటోంది. అందరూ ఏఐ కోర్సులో చేర్పించమంటున్నారు. రెండింటిలో ఏది మేలు?

జవాబు: మీ ఉత్తరంలో ‘అందరూ’ ఏమంటున్నారో ఉంది. ఆకు మీద అమ్మాయికి అంత ఆసక్తి ఎందుకో లేదు. ఆమెను అడిగారా? అడగకుండానే నాకు రాశారనిపిస్తోంది, అది నాకు నచ్చలేదు. చదువయ్యాక బిడ్డ ఖాళీగా కూర్చుంటుందేమోనన్న భయం మాత్రం న్యాయమైనదే. దానికే జవాబు చెబుతాను.

ముందు ఆమె చేయబోయే పని చూడండి. కాంతిని రంగులవారీగా కొలిచే పరికరం స్పెక్ట్రోమీటర్. దాని క్లిప్పులో ఆకును పెడితే, ఏ కాంతిని ఆకు ఎంత తిప్పికొట్టిందో చూపే గీత ఒకటి క్షణాల్లో తెర మీద వస్తుంది. ఎరుపు కాంతిని పత్రహరితం పీల్చుకున్న చోట ఆ గీత కిందికి దిగుతుంది. కంటికి కనిపించని పరారుణంలో, 1450, 1940 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల దగ్గర, నీటి వల్ల లోతైన గుంటలు పడతాయి. ఆకు ఎండేకొద్దీ అవి పూడుతూ వస్తాయి. మాంసకృత్తుల జాడ 2100 పైన ఉంటుంది గానీ, పచ్చి ఆకులో అది నీటి చాటున దాదాపు కనబడకుండా పోతుంది. దాన్ని బయటికి లాగడమే అసలు విద్య.

గీతను అంకెగా మార్చాలంటే మొదట కొన్ని ఆకులను తెంపక తప్పదు. తూచి, ఓవెన్‌లో ఎండబెట్టి, మళ్లీ తూచాలి. పత్రహరితాన్ని అసిటోన్‌లో కరిగించి కొలవాలి. అంత ఓపికతో తెచ్చిన అంకెలుంటేనే తర్వాత తెంపకుండా కొలవగలరు.

ఏఐ కోర్సుల మీద నా అనుమానం ఇక్కడే. నెలల్లో ముగిసే కోర్సు ప్రోగ్రాము నడపడం నేర్పుతుంది. గీతను చూసి అంకెను అంచనా వేసే లెక్కను మోడల్ అంటారు. ఒక పంట ఆకులతో తయారుచేసిన మోడల్, మందమైన మరో ఆకు దగ్గర తప్పు చెబితే, ఎందుకు తప్పిందో నేర్పదు. అదే నైపుణ్యంతో వేలమంది బయటికి వస్తుంటే మీ అమ్మాయినే ఎందుకు ఎంచుకోవాలి? ఏఐ వద్దనడం లేదు. ఈ పరిశోధనకు గణాంకశాస్త్రం, ప్రోగ్రామింగ్ ఎలాగూ కావాలి, ఆమె నేర్చుకునే తీరుతుంది.

ఇబ్బంది దాచను. పీహెచ్‌డీ అంటే ఏళ్లు పడుతుంది, పరిశోధన ఉద్యోగాలు తక్కువ. కానీ ధాన్యంలో తేమ, మాంసకృత్తులు చూడటానికీ, మందుల తయారీలో నాణ్యత పరీక్షలకూ ఇదే పరారుణ కొలతను వాడతారు. ఆకుతో నేర్చిన పని అక్కడా అక్కరకొస్తుంది. మీ బిడ్డ ఖాళీగా కూర్చోదు, ధైర్యంగా ఉండండి.

ఈ వారం ఆమె పక్కన కూర్చుని, ఆ గీతను ఎలా చదవాలో చెప్పమనండి. మధ్యలో జీతం మాట ఎత్తకండి. అప్పటిదాకా ఏ కోర్సుకూ ఫీజు కట్టకండి.