‘ఫుల్ హెచ్‌డీఎంఐ 2.1’ అని అమ్మారు, 120 హెర్ట్జ్ రావడం లేదు: కేసు నిలుస్తుందా?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది విశాఖపట్నం, మధురవాడ. గత ఏడాది దసరా ఆఫర్లలో డాబాగార్డెన్స్‌లోని ఒక షాపులో రూ.78,000 పెట్టి ఏవీ రిసీవరు (కన్సోల్ వంటివాటి బొమ్మను టీవీకి, శబ్దాన్ని స్పీకర్లకు పంపే పెట్టె) కొన్నాను. ‘ఫుల్ హెచ్‌డీఎంఐ 2.1 సార్, పదేళ్లు చూసుకోనక్కర్లేదు’ అన్నారు. బిల్లు మీద మోడల్ నంబరు తప్ప ఏమీ లేదు. ‘8కే, 2.1’ అని ముద్రించిన 10 మీటర్ల కేబుల్ ఆన్‌లైన్‌లో రూ.2,400కు తెప్పించాను. ఇంటీరియర్ కాంట్రాక్టరు దాన్ని రిసీవరు నుంచి టీవీ దాకా గోడలో వేసి ప్లాస్టర్ చేశాడు. ఇప్పుడు గేమ్ కన్సోల్ పెడితే 4కే 60 హెర్ట్జ్ (సెకనుకు 60 బొమ్మలు) వస్తోంది, 120 పెట్టగానే తెర నల్లబడుతోంది. షాపువాళ్లు కేబుల్‌ది తప్పంటారు, కేబుల్ అమ్మినవాళ్లు రిసీవరుదంటారు. పైగా ‘2.2 వచ్చేసింది, మీది పాతదైపోయింది’ అంటున్నారు. ఇలా ఎన్నిసార్లు కొనాలి? నష్టపరిహారం అడగవచ్చా?

జవాబు: కొత్త ప్రమాణం వచ్చి మీ వస్తువు పాతబడిందన్న కారణంతో ఫిర్యాదు చేస్తే నిలవదు. అమ్మేటప్పుడు చెప్పిన పని వస్తువు చేయడం లేదంటే నిలుస్తుంది. మీ ఉత్తరంలో ఈ రెండూ కలిసిపోయాయి.

హెచ్‌డీఎంఐ అంటే బొమ్మనూ శబ్దాన్నీ ఒకే కేబుల్‌లో పంపే పద్ధతి. దాని 1.4 వెర్షన్ వచ్చింది 2009లో, 18 జీబీపీఎస్ (సెకనుకు గిగాబిట్లు) మోసే 2.0 వచ్చింది 2013లో, 48 మోసే 2.1 వచ్చింది 2017లో. 96 మోసే 2.2 వచ్చింది 2025లో. ఇవేవీ చట్టాలు కావు. ప్రైవేటు కంపెనీల కూటమి రూపొందిస్తే ఒక లైసెన్సింగ్ సంస్థ అందించే సాంకేతిక నిర్దేశాలు. 2.2 రాకతో మీ రిసీవరు నిన్నటిదాకా చేసిన పని మానేయలేదు కాబట్టి ఆ విసుగు ఎంత న్యాయమైనదైనా వినియోగదారుల కమిషన్ ముందు పనికిరాదు. ఫిర్యాదులో 2.2 ఊసే ఎత్తకండి. ఎత్తారంటే ‘కొత్త మోడల్ మీద మనసుపడి కేసు వేశారు’ అనే అవకాశం అవతలి వకీలుకు మీరే ఇచ్చినట్టు.

మీకు బలం వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని రెండు నిర్వచనాల్లో ఉంది. సెక్షన్ 2(10) ప్రకారం చట్టమో ఒప్పందమో కోరిన ప్రమాణం కొరవడితేనే కాదు, వ్యాపారి ఏ రూపంలోనైనా చెప్పుకున్న ప్రమాణం కొరవడినా అది లోపమే. సెక్షన్ 2(47) ప్రకారం వస్తువు ఫలానా ప్రమాణానిదని అబద్ధం చెప్పడం అనుచిత వ్యాపార పద్ధతి. ఆ మాట నోటితో అన్నా, కాగితం మీద రాసినా, ఎలక్ట్రానిక్ రూపంలో పంపినా ఒకటే. ‘పదేళ్లు చూసుకోనక్కర్లేదు’ అన్నది అమ్మకపు కబురు, దాన్ని వదిలేయండి. ‘ఫుల్ 2.1’ అన్నదాన్ని పట్టుకోండి.

అయితే అక్కడే ఒక గొయ్యి ఉంది. 2.1లో 120 హెర్ట్జ్, వీఆర్ఆర్ (ఆటకు తగ్గట్టు తెర వేగం మారడం) వంటి సదుపాయాలు చాలావరకు ఐచ్ఛికం. అన్నీ లేకున్నా తయారీదారు 2.1 అని చెప్పుకోవచ్చు, ఏవేవి ఉన్నాయో మాత్రం చెప్పాలి. కాబట్టి ‘2.1 అన్నారు, 2.1 కాదు’ అని రాస్తే ఓడిపోతారు. ‘4కే 120 హెర్ట్జ్ తీసుకుంటుందన్నారు, తీసుకోవడం లేదు’ అని రాయాలి. అందుకు కంపెనీ వెబ్‌సైట్‌లోని మోడల్ పేజీ, బ్రోషరు, మాన్యువల్ ఈరోజే దించి పెట్టుకోండి. మోడల్ ఆగిపోతే పేజీ కూడా మాయమవుతుంది. మాన్యువల్లో ‘ఈ ఇన్‌పుట్లకు మాత్రమే’ అన్న చిన్న అక్షరాల వరుస ఉందేమో చూడండి. చాలా రిసీవర్లలో ఆరేడు ఇన్‌పుట్లుంటే 120 తీసుకునేవి ఒకటో రెండో మూడో.

కేబుల్ సంగతి ఇంకా తేలిక. కేబుళ్ల మీద వెర్షన్ నంబరు వేయకూడదన్నది ఆ లైసెన్సింగ్ సంస్థ నియమమే. వాటిని రకం పేరుతో పిలవాలి: 18 జీబీపీఎస్‌కు ప్రీమియం హై స్పీడ్, 48కి అల్ట్రా హై స్పీడ్. అల్ట్రా హై స్పీడ్ ప్యాకెట్ మీద ఫోన్‌తో స్కాన్ చేసి సరిచూసుకునే ధ్రువీకరణ స్టిక్కరు ఉంటుంది. మీ ప్యాకెట్ మీద ఉన్నది ‘2.1’ మాత్రమే, స్టిక్కరు లేదంటే ఆ అట్టపెట్టే మీ మొదటి సాక్ష్యం. పారేయకండి. పైగా మామూలు రాగి కేబుల్ 48 జీబీపీఎస్‌ను 10 మీటర్లు మోయడం దాదాపు అసాధ్యం. సుమారు 5 మీటర్లు దాటితే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ వాడాలి. దానికి సోర్స్ వైపు, డిస్‌ప్లే వైపు వేరువేరు కొనలు ఉంటాయి, తిరగేస్తే బొమ్మే రాదు. మీకు 60 వస్తోంది కనుక ఆ పొరపాటు జరగలేదు. నా అనుమానం ముందు కేబుల్ మీదే. కానీ అనుమానంతో నోటీసు ఇవ్వలేం, పరీక్ష చేయాలి.

ధ్రువీకరణ ఉన్న 2 మీటర్ల అల్ట్రా హై స్పీడ్ కేబుళ్లు రెండు తెచ్చుకోండి. మొదట కన్సోల్‌ను నేరుగా టీవీకి కలపండి. నాలుగు పోర్టులున్న చాలా టీవీల్లో 120 తీసుకునేవి రెండే, వాటిలో ఒకటి తరచుగా ఈ-ఆర్క్ (టీవీ శబ్దాన్ని రిసీవరుకు పంపే) పోర్టు. ఆ పోర్టుకు టీవీ సెట్టింగుల్లో పూర్తి సిగ్నల్‌ను తెరిచి ఉంచాలి. ఇక్కడే 120 రాకపోతే తగువు టీవీతోనో కన్సోల్‌తోనో, రిసీవరు షాపును వదిలేయండి. వస్తే రెండో పరీక్ష: రిసీవరును టీవీ దగ్గరకు తెచ్చి, కన్సోల్ నుంచి రిసీవరుకు, అక్కడి నుంచి టీవీకి పొట్టి కేబుళ్లే వేయండి. రిసీవరు మెనూలోనూ సిగ్నల్ ఫార్మాట్‌ను పై స్థాయికి మార్చాలి, చాలావాటిలో అది కింది స్థాయిలోనే వస్తుంది. ఇక్కడ తెర నల్లబడితే దోషం రిసీవరుది. ఇక్కడా వస్తే గోడలోని కేబుల్‌ను కన్సోల్‌కు, టీవీకి నేరుగా కలిపి చూడండి. తెల్ల చుక్కలు మెరవడం, రెండు మూడు క్షణాలకోసారి బొమ్మ పోయి రావడం, 60లో బాగుండి 120లో చీకటి కావడం, ఇవన్నీ కేబుల్ మోయలేకపోతోందన్న గుర్తులే. మూడు పరీక్షలనూ ఆపకుండా ఒకే వీడియోగా తీయండి. మోడల్ నంబర్లు, టీవీ చూపే సిగ్నల్ సమాచారం అందులో కనపడాలి.

దోషం రిసీవరుదైతే షాపునూ తయారీ కంపెనీనీ కలిపి ప్రతివాదులుగా చేర్చండి. కేబుల్‌ది అయితే ఆన్‌లైన్ అమ్మకందారు, ఆ వేదిక ప్రతివాదులు. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. రూ.2,400 కోసం అయితే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి నమోదు చేయించండి, చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. అందరినీ ఒకే ఫిర్యాదులో ఇరికించాలనిపిస్తుంది. వద్దు. వేర్వేరు కొనుగోళ్లు, వేర్వేరు ఒప్పందాలు, ఆ అభ్యంతరం మీదే ఏడాది గడిచిపోతుంది.

కాంట్రాక్టరు మీద ఫిర్యాదు వర్క్ ఆర్డరును బట్టి ఉంటుంది. పైపు వేసి కేబుల్ లాగాలని రాసుకున్నా పైపు లేకుండా గాడి కొట్టి పూడ్చేస్తే అది సేవాలోపం. ఏమీ రాసుకోకపోతే కష్టమే. (మళ్లీ వేయించేటప్పుడు ప్లగ్గు తల సుమారు 20 మి.మీ. వెడల్పుంటుందని గుర్తుంచుకోండి. మామూలు కరెంటు పైపు వంపుల్లో అది ఇరుక్కుంటుంది.)

ఈలోగా ఆట ఆగకూడదనుకుంటే కన్సోల్‌ను టీవీ పక్కన పెట్టి నేరుగా కలపండి, శబ్దాన్ని ఈ-ఆర్క్ ద్వారా రిసీవరుకు పంపండి. అప్పుడు గోడ కేబుల్ మోసేది శబ్దమే కాబట్టి 48 జీబీపీఎస్‌తో పని లేదు. కాకపోతే ‘ఇలా వాడుకుంటున్నారుగా, నష్టమేముంది’ అంటారు. ‘ఇది తాత్కాలిక ఏర్పాటు, నా హక్కులు వదులుకోవడం లేదు’ అని షాపుకు ముందే వాట్సాప్‌లో పెట్టండి.

తర్వాత అధీకృత సర్వీస్ సెంటరులో ఫిర్యాదు నమోదు చేసి జాబ్ షీట్ తీసుకోండి. ‘లోపం లేదు’ అని రాసిస్తే ‘4కే 120 పరీక్షించలేదు’ అని పక్కన రాసి మరీ సంతకం పెట్టండి. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో ఉప్పుగాలికి పోర్టుల లోహం పచ్చబడుతుంది, తుప్పు సాకుతో వారంటీ నిరాకరిస్తారు. పంపేముందే పోర్టుల ఫొటోలు దగ్గరగా తీయండి. షాపుకు, కంపెనీకి 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. చట్టం దీన్ని తప్పనిసరి చేయలేదు, అయినా జవాబు రాకపోవడం మీకే మేలు. వాట్సాప్ సంభాషణలు, వీడియోలకు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జోడించండి.

ఫిర్యాదు విశాఖ జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. ఆన్‌లైన్ అమ్మకందారు ఏ రాష్ట్రంలో ఉన్నా సరే, మీరు నివసించే చోట వేసే హక్కును సెక్షన్ 34 ఇచ్చింది. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. చెల్లించిన ధర రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ప్రతివాది 30 రోజుల్లో, మరీ అయితే ఇంకో 15 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. మూడు నెలల్లో, ల్యాబ్ పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. ఆచరణలో ఎక్కువే పడుతుంది. ల్యాబ్ ఫీజు ముందుగా మీరే కట్టాల్సి రావచ్చు, అందుకే ఆ వీడియో పక్కాగా ఉండాలి.

కోరికలు ఇలా రాయండి: 4కే 120 తీసుకునే అదే స్థాయి రిసీవరు ఇవ్వాలి, లేదా రూ.78,000 వడ్డీతో తిరిగి ఇవ్వాలి. రుజువున్న ఖర్చులు, కేసు ఖర్చులు. మనోవేదన కింద రూ.5 లక్షలు అడిగితే మీ ఫిర్యాదు మీద నమ్మకమే తగ్గుతుంది. ఆ థియేటరు రుషికొండలోని హోమ్‌స్టే అతిథుల కోసమైతే ‘వాణిజ్య అవసరం’ అనే అభ్యంతరం వస్తుంది, ముందే చెప్పండి.

గడువు రెండేళ్లు. లోపం ఇటీవలే తెలిసిందన్న వాదన మీద ఆధారపడకుండా బిల్లు తేదీ నుంచే లెక్కపెట్టుకోండి. కమిషన్ తనిఖీకి ఆదేశించే అవకాశం ఉంది కనుక అప్పటిదాకా గోడ పగలగొట్టించకండి, ఆ కేబుల్ ఉన్నచోటే ఉండనివ్వండి.