ప్రశ్న – జవాబు: పరీక్షలన్నీ నార్మల్, కడుపునొప్పి మాత్రం తగ్గదు

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఉండేది హనుమకొండలో, ఉద్యోగం నర్సంపేటలో. మూడేళ్ల క్రితం వానకాలంలో వాంతులు, విరేచనాలతో వారం రోజులు మంచం పట్టాను. అవి తగ్గినా, అప్పటి నుంచి పొద్దున బస్సు ఎక్కేలోపు మూడుసార్లు మరుగుదొడ్డికి వెళ్లాల్సి వస్తోంది. మెలిపెట్టే నొప్పి, ఉబ్బరం. రక్తపరీక్షలు, కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగును చూసే పరీక్ష) నార్మల్. ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, పేగు పనితీరు గాడితప్పే సమస్య) అని, మనసు ప్రశాంతంగా ఉంచుకోమని చెప్పారు. పేగుల్లోని బ్యాక్టీరియాయే కారణమా? మలపరీక్షలో అది తెలుస్తుందా? మేలుచేసే బ్యాక్టీరియా ఉండే ప్రోబయోటిక్ గుళికలు వాడవచ్చా?
– ఒక సోదరి, హనుమకొండ

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ఆ వానకాలపు విరేచనాలు. 2000లో కెనడాలోని వాకర్టన్ పట్టణంలో, భారీ వర్షాల తర్వాత పశువుల పేడలోని క్రిములు తాగునీటిలో కలిసి రెండు వేలమందికి పైగా జబ్బుపడ్డారు. ఆ ఊరివారిని ఏళ్ల తరబడి పరిశీలించిన వైద్యులు, జబ్బుపడని వారికంటే జబ్బుపడి కోలుకున్నవారిలో ఐబీఎస్ ఎక్కువగా రావడం గమనించారు. క్రిములు పోయినా కొందరిలో పేగు లోపొరలో సన్నని వాపు మిగులుతుంది, నరాలు సున్నితమవుతాయి, అక్కడ కాపురముండే బ్యాక్టీరియా కూర్పు మారుతుంది. కనుక మీ నొప్పి ఊహ కాదు. ఆందోళన దాన్ని పెంచగలదు, కానీ ఆ ఒక్క మాటతో మిమ్మల్ని పంపేయడం నాకు బాధ కలిగించింది.

చిన్నపేగులో అరగని కొన్ని పిండిపదార్థాలు పెద్దపేగుకు చేరగానే బ్యాక్టీరియా వాటిని పులియబెడతాయి. రాత్రి రుబ్బిన దోసెపిండి తెల్లారేసరికి గిన్నె అంచు దాటినట్టే అక్కడా వాయువు పుడుతుంది. అది అందరిలోనూ జరిగేదే అయినా, సున్నితమైన పేగుకు ఆ వాయువుతో కలిగే సాగుడే నొప్పిగా తెలుస్తుంది.

అయితే ఫలానా బ్యాక్టీరియా ఉంటే ఐబీఎస్ అని తేల్చే గుర్తు ఇంతవరకు దొరకలేదు. ఆరోగ్యవంతుల్లోనే ఒకరి కూర్పు మరొకరితో సరిపోలదు. అందువల్ల ఖరీదైన ఆ మలపరీక్షకు డబ్బు పెట్టవద్దు. ప్రోబయోటిక్ కొందరికే మేలు చేస్తుంది. ఒకే రకాన్ని నాలుగు వారాలు వాడి, తేడా లేకపోతే మానేయండి. అమెరికాలో 2015లో విరేచనాల రకం ఐబీఎస్‌కు అనుమతి పొందిన రిఫాక్సిమిన్ అనే యాంటీబయోటిక్ ఉంది గానీ, దాన్ని డాక్టర్ రాస్తేనే వాడాలి. దానితో తగ్గిన బాధ కూడా చాలామందిలో తిరగబెడుతుంది.

ముందుగా వంటింట్లో ప్రయత్నించండి. పైన చెప్పిన అరగని పిండిపదార్థాలు ఉండే ఉల్లిగడ్డ, ఎల్లిపాయ, గోధుమ, శనగపప్పు, పాలు నాలుగు వారాలు ఆపి, అన్నం, జొన్నరొట్టె తినండి. సర్వపిండి తిన్నాక ఉబ్బితే తప్పు బియ్యప్పిండిది కాదు, అందులో వేసే నానబెట్టిన శనగపప్పుది, ఉల్లిగడ్డది. ఎల్లిపాయ వాసన లేనిదే ముద్ద దిగదంటే, రెబ్బలను నూనెలో వేయించి తీసేసి, ఆ నూనెతోనే తాలింపు పెట్టండి. బాధపెట్టే పదార్థం నీటిలో కరుగుతుంది గానీ నూనెలో కరగదు. తర్వాత ఒక్కొక్కటిగా మళ్లీ తిని, ఏది పడదో రాసుకోండి. అన్నీ శాశ్వతంగా మానకండి, మేలుచేసే బ్యాక్టీరియాకు కూడా ఆ పిండిపదార్థాలే ఆహారం.

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనాలు, వీటిలో ఏది కనిపించినా పాత కొలనోస్కోపీ నార్మల్ కదా అని ఊరుకోకుండా వెంటనే మళ్లీ చూపించుకోండి.