ఆర్200 డిఫరెన్షియల్స్ అన్నీ ఒకదాని చోట ఒకటి పడతాయా?

మీరు అడిగింది ఇదీ: మీ నిస్సాన్ ఎస్13 240ఎస్ఎక్స్‌లో మామూలు ఓపెన్ డిఫరెన్షియల్ (వెనక చక్రాలు రెండూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల పెట్టె) ఉంది, దాన్ని తీసేసి పాత నిస్సాన్ దేనిదైనా లిమిటెడ్ స్లిప్ (ఎల్ఎస్‌డీ, అంటే ఒక చక్రమే జారుతూ తిరగకుండా అదుపు చేసేది) ఉన్నది వేద్దామనుకుంటున్నారు, అన్నీ ఆర్200లే (నిస్సాన్ డిఫ్‌లలో ఒక రకం పేరు) కాబట్టి ఏదైనా పడుతుందని ఎవరో చెప్పారు. పడేవి ఉన్నాయి, కానీ ఆ ఒక్క మాట నమ్మి డబ్బు కట్టకండి. ఆ 200 అనేది క్రౌన్ వీల్ (లోపలి పెద్ద పళ్ళ చక్రం) వ్యాసం, మిల్లీమీటర్లలో. హౌసింగ్ (బయటి పెట్టె) ముక్కు, అంటే ముందుకు పొడుచుకొచ్చిన భాగం, ఎంత పొడవుంది, వెనక కవర్ ఏది, షాఫ్ట్‌లు ఎలా బిగుస్తాయి, ఇవేవీ ఆ అంకె చెప్పదు.

మొదట ముక్కు సంగతి. 280జెడ్, జెడ్31 లాంటి పాత నిస్సాన్ కార్లలో వచ్చింది పొడవు ముక్కు ఆర్200, ఎస్13లోనూ జెడ్32లోనూ ఉన్నది పొట్టి ముక్కుది. పొడవుది మీ కారుకి పడదు. జెడ్32 ట్విన్ టర్బోది కూడా వద్దు, అది ఆర్230, పెద్దది, నేరుగా కూర్చోదు. మీకు కావాల్సింది జెడ్32 నాన్‌టర్బోది, అందులో విస్కస్ (చిక్కటి ద్రవంతో పనిచేసే) ఎల్ఎస్‌డీ ఉంటుంది.

నేను నా ఎస్13కి వేసింది అదే. అసలు పని వెనక కవర్ దగ్గర వచ్చింది. జెడ్32 కవర్ మీద స్టడ్‌ల మధ్య దూరం వేరు, ఎస్13 సబ్‌ఫ్రేమ్‌కి (డిఫ్‌ని మోసే చట్రానికి) కలవదు, కాబట్టి పాత డిఫ్ కవర్ విప్పి కొత్తదానికి బిగించాలి. ఆ తర్వాత యాక్సిల్ షాఫ్ట్‌లు: కొన్నిటి ఫ్లాంజ్‌కి (బోల్టులు బిగించే చివరి బిళ్ళకి) 5 బోల్టులు, కొన్నిటికి రెండేసి చొప్పున మూడు జతలుగా 6 ఉంటాయి, రెండూ ఒకదానికొకటి కలవవు. ఓపెన్ డిఫ్‌లోంచి స్టబ్‌లు (యాక్సిల్ షాఫ్ట్‌లు బిగించే పొట్టి కడ్డీలు) లాగి ఎల్ఎస్‌డీలో పెట్టేద్దాం అనుకోకండి, విస్కస్ దాంట్లోకి వెళ్ళే స్టబ్‌లు వేరు. అందుకే కొనేటప్పుడు స్టబ్‌లు, కుదిరితే యాక్సిల్ షాఫ్ట్‌లు కూడా దాంతోపాటే అడగండి, విడిగా వెతకాలంటే ప్రాణం విసిగిపోతుంది. కారు కింద పడుకుని మీ ఫ్లాంజ్‌ల ఫొటో తీసుకుని, బోల్టుల దూరం కొలుచుకుని మరీ వెళ్ళండి.

ఎల్ఎస్‌డీ ఉందా లేదా, రేషియో (చక్రం ఒక చుట్టు తిరిగేలోపు పినియన్, అంటే క్రౌన్ వీల్‌ని తిప్పే చిన్న గేరు, ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ లెక్క) ఎంత అన్న విషయంలో అమ్మేవాళ్ళ మాట కన్నా మీ చేతుల్ని నమ్మండి. డిఫ్ బల్ల మీద పెట్టి ఒక వైపు స్టబ్ తిప్పి చూడండి, రెండోది ఎదురు దిశలో తేలిగ్గా తిరిగితే అది ఓపెన్ డిఫే, ఎల్ఎస్‌డీ అని ఎంత చెప్పినా సరే. రెండూ ఒకే దిశలో తిరుగుతుంటే, స్టబ్ ఒక చుట్టు తిరిగేలోపు పినియన్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి, 4కి కాస్త పైన వస్తే 4.083 అయ్యుంటుంది, మీ కారుదీ జెడ్32 నాన్‌టర్బోదీ అదే. ట్విన్ టర్బోది 3.692, అంటే అదే వేగానికి ఇంజిన్ సుమారు 10 శాతం తక్కువ తిరుగుతుంది. హైవేకి బాగానే ఉంటుంది, మీ ఇంజిన్‌కి మాత్రం పికప్ చచ్చిపోతుంది.

ఒకదాని క్రౌన్ వీల్, ఇంకోదాని పినియన్ కలిపి వాడమని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. ఆ రెండూ జతగా తయారైనవి, విడదీస్తే మోత తప్పదు, పళ్ళూ పోతాయి. మొత్తం డిఫ్ అలాగే మారిస్తే లోపల ఏమీ సెట్ చేయక్కర్లేదు. అదే ఎల్ఎస్‌డీ ఒక్కటే తీసి మీ హౌసింగ్‌లో వేయాలంటే బ్యాక్‌లాష్ (గేరు పళ్ళ మధ్య సందు), బేరింగ్ ప్రీలోడ్ (బేరింగ్‌ల బిగువు) రెండూ కొలిచి సరిచేయాలి, డయల్ గేజ్ లేకుండా ఆ పని మొదలుపెట్టకండి.

ఇదంతా వెనక చక్రాలతో నడిచే కార్లకే. సుబారు లాంటి నాలుగు చక్రాలతోనూ నడిచే వాటిలో ముందు డిఫ్ రేషియో, వెనకదాని రేషియో లెక్క కలవాలి. 2002 అమెరికా డబ్ల్యూఆర్ఎక్స్ మాన్యువల్‌లో ముందు 3.9 ఉంటే వెనక 3.545 కనిపిస్తుంది, మధ్యలో 1.1 గేర్ ఉంది కాబట్టే అది సరిపోతోంది. అక్కడ ముందుదానితో సమానం కదా అని వెనక కూడా 3.9 పెడితే సెంటర్ డిఫరెన్షియల్ (ముందు, వెనక చక్రాల మధ్య ఉండేది) ఆపకుండా తిరుగుతూ వేడెక్కి పాడైపోతుంది.