నాన్నగారి ఫోన్‌లో మనిషికో రింగ్‌టోన్ పెట్టాలంటే

ప్రశ్న: నాన్నగారికి 70 దాటాయి, చూపు సరిగా ఆనదు. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్ కొనిచ్చాం. స్క్రీన్ చూడకుండానే ఎవరు చేస్తున్నారో తెలిసేలా ఒక్కొక్కరికి ఒక్కో రింగ్‌టోన్ పెట్టమంటున్నారు. డౌన్‌లోడ్ చేసిన పాట లిస్టులో కనిపించట్లేదు. అమెరికాలో ఉన్న అక్క వాట్సాప్‌లో చేస్తే పెట్టిన టోన్ కాకుండా వేరేది మోగుతోంది. దానికి తోడు సగం కాల్స్ అసలు వినబడట్లేదంటున్నారు. ఎలా సెట్ చేయాలి?

జవాబు:

సగం కాల్స్ వినబడట్లేదన్నారు కదా, ముందు ఆ సంగతి చూడండి, పాటలు తర్వాత. ఆండ్రాయిడ్ 9 నుంచి ఫోన్ పక్కనున్న వాల్యూమ్ బటన్ నొక్కితే మామూలుగా మారేది మీడియా సౌండ్, అంటే యూట్యూబ్, పాటలు, వీడియోల సౌండ్. రింగ్ సౌండ్ దానిది దానికే. పెద్దవాళ్ళు బటన్ నొక్కి నొక్కి ఫుల్ పెట్టేశాం అనుకుంటారు, రింగ్ మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. నేను కొన్నేళ్ళు బస్టాండ్ పక్కన మొబైల్ షాపులో పనిచేశాను. "స్పీకర్ పోయింది బాబూ, రింగ్ రావట్లేదు" అని తెచ్చిన ఫోన్లలో చాలావాటికి స్పీకర్ శుభ్రంగా ఉండేది, రింగ్ వాల్యూమే తగ్గి ఉండేది, లేకపోతే ఫోన్ వైబ్రేషన్‌లో ఉండేది. సెట్టింగ్స్‌లో సౌండ్‌లోకి వెళ్తే మీడియా, కాల్, రింగ్, అలారం అని గీతలు వేర్వేరుగా ఉంటాయి. రింగ్ గీతని చివరిదాకా లాగేయండి.

వైబ్రేషన్‌లోకి దానంతట అదే ఎలా వెళ్తుందని అడుగుతారేమో. కొన్ని ఫోన్లలో పవర్ బటన్, వాల్యూమ్ పెంచే బటన్ రెండూ ఒకేసారి నొక్కుకుంటే రింగ్ ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. చొక్కా జేబులోంచి గట్టిగా పట్టుకుని లాగేటప్పుడు ఆ రెండూ కలిసి నొక్కుకుపోతాయి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో జెశ్చర్స్ దగ్గర ఇది దొరుకుతుంది, తీసేయండి. ఫోన్‌ని బోర్లా పెడితే సైలెంట్ అయ్యే సదుపాయం ఉన్నా అదీ ఆపేయండి, ఎందుకంటే పెద్దవాళ్ళలో చాలామంది స్క్రీన్ పగులుతుందేమోనని ఫోన్‌ని బోర్లాయే పెడతారు. అలాగే కాల్స్ మోగకుండా ఆపేసే డు నాట్ డిస్టర్బ్ రాత్రి టైముకి ఆన్ అయ్యేలా షెడ్యూల్ పెట్టి ఉందేమో చూడండి. అది ఉండాలి అనుకుంటే ఇంట్లో వాళ్ళ కాంటాక్ట్‌లకి స్టార్ పెట్టి, స్టార్ ఉన్నవాళ్ళ కాల్స్ రానివ్వమని చెప్పొచ్చు. రిపీట్ కాలర్స్ అని ఇంకోటి ఉంటుంది, అది ఆన్‌లో ఉంటే ఒకే మనిషి 15 నిమిషాల్లోపు రెండోసారి చేసినప్పుడు కాల్ మోగుతుంది. అర్ధరాత్రి ఏదైనా అవసరం పడితే పనికొచ్చేది అదే.

ఇప్పుడు అసలు విషయం, ఏ టోన్ పెట్టాలి. ఇక్కడ నా అభిప్రాయం చాలామందికి నచ్చదు: పెద్దవాళ్ళ ఫోన్‌కి ఇష్టమైన సినిమా పాట పెట్టడం అంత మంచి ఆలోచన కాదు. మొదటి కారణం టీవీ. ఇంట్లో టీవీ మోగుతున్నప్పుడు ఫోన్‌లో కూడా పాట వస్తే అది టీవీలోదే అనుకుని కూర్చుంటారు. రెండోది టైము. మన దేశంలో మొబైల్‌కి వచ్చిన కాల్ ఎవరూ ఎత్తకపోతే కనీసం 30 సెకన్లు మోగాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2019 నవంబర్‌లో నిబంధన పెట్టింది, ల్యాండ్‌లైన్‌కైతే 60 సెకన్లు. అంటే మీకున్నది సుమారు అర నిమిషం అనుకోండి. ఆ అర నిమిషంలో పాట మొదట్లో వచ్చే వయొలిన్లు, ఆలాపన పోగా పల్లవి అందుకునేసరికి సగం టైము అయిపోతుంది, ఆయన కళ్ళజోడు వెతుక్కుని వంటింట్లోంచి ముందు గదిలోకి వచ్చేసరికి మిస్డ్ కాల్. అందుకే మొదటి సెకన్‌లోనే గట్టిగా అందుకునే ముక్క కావాలి.

మూడో కారణం స్పీకర్. ఫోన్ స్పీకర్ చాలా చిన్నది, లోతైన శబ్దాలు దాంట్లోంచి సరిగా రావు. పెళ్ళి మేళం రికార్డు చేసి ఫోన్‌లో వినండి, సన్నాయి స్పష్టంగా వస్తుంది, డోలు మాత్రం ఎక్కడో టకటక మన్నట్టు ఉంటుంది. మనిషి చెవికి బాగా అందేది 2000 నుంచి 5000 హెర్ట్జ్ మధ్య శబ్దం. కానీ వయసుతో ముందుగా తగ్గేది పైస్థాయి శబ్దాల వినికిడే, కాబట్టి కీచుమనే సన్నని బీప్‌లు 70 ఏళ్ళ వాళ్ళకి ఆనకపోవచ్చు. బీట్ పాటలూ వద్దు, కీచు బీప్‌లూ వద్దు, మధ్య స్థాయిలో ఉండేవి చూడండి: పాత ల్యాండ్‌లైన్ ట్రింగ్ ట్రింగ్, నాదస్వరం, వేణువు, గుడి గంట, మనిషి గొంతు. ఆగి ఆగి మోగేది, ఏకధాటిగా మోగే దానికంటే తొందరగా చెవిన పడుతుందని నా అనుభవం. పాత ట్రింగ్ ట్రింగ్ అయితే ఆ తరం వాళ్ళు ఎక్కడున్నా లేచి వస్తారు, అలవాటు అలాంటిది.

వీటన్నింటిలో నాకు బాగా నచ్చింది మనిషి గొంతు. మా అమ్మ ఫోన్‌కి నేను చేసింది అదే. మా మేనకోడలి చేత "అమ్మమ్మా, అమ్మ ఫోన్ చేస్తోంది, తియ్యి" అని రెండుసార్లు గట్టిగా చెప్పించి, మధ్యలో కాస్త ఖాళీ వదిలి రికార్డు చేశాం. మా అక్క నంబర్‌కి అది పెట్టాను. మా పెదనాన్నకి ఆయన గొంతే, ఆయన పిలిచే పిలుపే. అమ్మకి అక్షరాలు కనబడకపోయినా పనిలేదు, పక్క గదిలో ఉన్నా ఎవరో తెలిసిపోతుంది, ఎత్తాలో తర్వాత చేయాలో అక్కడి నుంచే తేల్చుకుంటుంది (పెదనాన్న కాల్ అయితే తర్వాతే). ఒక్క జాగ్రత్త, రికార్డింగ్ ఫోన్‌లో ఉండే రికార్డర్ యాప్‌తో చేయండి. వాట్సాప్‌లో వచ్చిన వాయిస్ మెసేజ్‌ని నేరుగా పెట్టాలని చూస్తే లిస్టులో దొరకదు, అది ఓపస్ అనే ఫార్మాట్‌లో, మిగతా యాప్‌లకి కనిపించకుండా దాచిన ఫోల్డర్‌లో ఉంటుంది.

ఫోన్‌లో కాల్ చేసేవాళ్ళ పేరు చదివి చెప్పే సదుపాయం ఉంది కదా అంటారా, ఉంది. గూగుల్ ఫోన్ యాప్ సెట్టింగ్స్‌లో కాలర్ ఐడీ అనౌన్స్‌మెంట్ అని ఉంటుంది, శాంసంగ్‌లోనూ ఉంది. ఇంగ్లిష్ అక్షరాల్లో సేవ్ చేసిన మన పేర్లని అది పలికే తీరు వింటే నవ్వొస్తుంది గానీ, ఏమీ లేనిదానికంటే నయం. గొంతు రికార్డు చేసే ఓపిక లేనప్పుడు అది వాడండి.

ఇక డౌన్‌లోడ్ చేసిన పాట లిస్టులో రాకపోవడం. పాట డౌన్‌లోడ్స్‌లో ఉంటే సరిపోదు చాలా ఫోన్లలో. ఫైల్స్ యాప్ తెరిచి ఆ ఫైల్‌ని ఇంటర్నల్ స్టోరేజ్‌లో రింగ్‌టోన్స్ అనే ఫోల్డర్‌లోకి మూవ్ చేయండి, ఫోల్డర్ లేకపోతే ఆ పేరుతో ఇంగ్లిష్‌లో మీరే తయారు చేయండి. తర్వాత సెట్టింగ్స్, సౌండ్, ఫోన్ రింగ్‌టోన్‌లోకి వెళ్తే కనిపిస్తుంది. అప్పటికీ రాకపోతే అదే పేజీలో మై సౌండ్స్ దగ్గరో, కింద చివర్లోనో ప్లస్ గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కి ఫైల్ చూపించాలి. రెడ్‌మీ లాంటి ఫోన్లలో వాళ్ళ సొంత టోన్ల లిస్టు ముందు వస్తుంది, ఫోన్‌లోంచి ఎంచుకునే ఆప్షన్ కోసం కాస్త వెతకాలి. ఎంపీ3, ఎం4ఏ, వావ్ ఏవైనా పర్వాలేదు. కానీ పాటల యాప్‌లలో ఆఫ్‌లైన్ కోసం డౌన్‌లోడ్ చేసుకున్నవి మాత్రం పనికిరావు, అవి తాళం వేసి ఉంటాయి, ఆ యాప్‌లో తప్ప ఎక్కడా మోగవు. ఇదివరకు మా షాపులో మెమరీ కార్డ్‌లో పాటలు ఎక్కించుకున్నవాళ్ళకి ఈ తలనొప్పి ఉండేది కాదు లెండి, అయితే ఆ పాటలు ఎక్కడి నుంచి వచ్చేవో అడగొద్దు.

పాటలో కావలసిన ముక్క కత్తిరించడానికి ఆడియో కట్టర్ యాప్ ఏదైనా చాలు, 25, 30 సెకన్లు కట్ చేసుకోండి. టోన్ కట్ చేసే యాప్‌కి మీ ఫైల్స్ చూసే అనుమతి కావాలి, కాంటాక్ట్‌కి పెట్టే సదుపాయం దాంట్లోనే ఉంటే కాంటాక్ట్స్ అనుమతి అడుగుతుంది, అంతకుమించి మెసేజ్‌లు, లొకేషన్ అడిగిందంటే దాన్ని తీసేసి ఇంకోటి చూసుకోండి. ముఖ్యంగా నాన్నగారి ఫోన్‌లో ఇలాంటి యాప్ ఉంచొద్దు. మీ ఫోన్‌లో కట్ చేసి ఫైల్ పంపేయండి, లేకపోతే ఆ యాప్ యాడ్స్ నొక్కుకుంటూ ఆయన ఇంకో పది యాప్‌లు ఎక్కించుకుంటారు. ఫైల్ పెట్టాక దాన్ని కదపొద్దు, డిలీట్ చేసినా, ఎస్‌డీ కార్డ్‌లో పెట్టి కార్డ్ తీసినా ఫోన్ మళ్ళీ కంపెనీ టోన్‌కే వెళ్ళిపోతుంది. ఫోన్ క్లీన్ చేస్తామనే యాప్‌లు కూడా ఈ పని చేసి పెడతాయి.

మనిషికో టోన్ పెట్టడం కాంటాక్ట్స్ యాప్‌లోనే. ఆ పేరు తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కితే సెట్ రింగ్‌టోన్ ఉంటుంది. శాంసంగ్‌లో ఎడిట్ నొక్కి, కింద ఇంకా చూపించమని నొక్కితే వస్తుంది. ఇక్కడ చాలామంది ఆగిపోయేది ఎక్కడంటే, నంబర్ సిమ్‌లో సేవ్ అయి ఉంటుంది. సిమ్‌లో పేరు, నంబర్ తప్ప ఇలాంటివి నిలవవు, అందుకే ఆ కాంటాక్ట్‌కి రింగ్‌టోన్ ఆప్షనే రాదు. పాత ఫోన్ నుంచి సిమ్ తీసి కొత్తదాంట్లో వేసినవాళ్ళకి అన్నీ ఇలాగే ఉంటాయి. ముందు వాటిని గూగుల్ అకౌంట్‌లోకి గానీ ఫోన్‌లోకి గానీ ఇంపోర్ట్ చేయండి. ఒకే మనిషి రెండు మూడు సార్లు సేవ్ అయి ఉంటే కలిపేయండి, లేకపోతే మీరు ఒకదానికి టోన్ పెడతారు, ఫోన్ ఇంకోదాన్ని చూసుకుంటుంది. నంబర్లు +91తో సేవ్ చేయడం మంచిది, అక్కగారి నంబర్‌కి +1 ఖచ్చితంగా ఉండాలి.

అక్కగారి వాట్సాప్ కాల్ సంగతి ఇంతే: వాట్సాప్‌కి దాని సొంత రింగ్‌టోన్ సెట్టింగ్ ఉంది. కాంటాక్ట్స్ యాప్‌లో మీరు పెట్టింది మామూలు కాల్స్‌కే. నాన్నగారి వాట్సాప్‌లో అక్కగారి చాట్ తెరిచి, పైన పేరు నొక్కి, నోటిఫికేషన్స్‌లోకి వెళ్తే కస్టమ్ నోటిఫికేషన్స్ కింద కాల్ రింగ్‌టోన్ విడిగా ఉంటుంది. మామూలు కాల్‌కి పెట్టిన ఫైలే అక్కడా పెట్టండి, ఆయనకి తేడా తెలియాల్సిన పని లేదు. మెసేజ్ టోన్ మాత్రం చిన్నదిగా ఉంచండి. ఫ్యామిలీ గ్రూప్‌లో పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటోలకి కూడా టింగు టింగుమంటే నిజమైన కాల్ వచ్చినప్పుడు పట్టించుకోరు, ఆ గ్రూపులని మ్యూట్ చేసేయండి.

ఎంతమందికి పెట్టాలి అంటే, అందరికీ వద్దు. నలుగురైదుగురికి చాలు, అంతకుమించితే ఏ టోన్ ఎవరిదో ఆయనకే గుర్తుండదు. అమ్మగారు, మీరు, అక్క, డాక్టర్ గారు, పక్కింటివాళ్ళు. మిగతా అందరికీ డీఫాల్ట్‌గా మెత్తని టోన్ ఒకటి పెట్టండి. తెలియని నంబర్లకి పూర్తిగా సైలెంట్ పెట్టమని కొందరు సలహా ఇస్తారు, నేను ఒప్పుకోను, గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి, కొరియర్, ఆస్పత్రి ల్యాబ్ అన్నీ తెలియని నంబర్లే. మెత్తని టోన్ వస్తే "ఇది మనవాళ్ళది కాదు" అని తెలుస్తుంది, తీసినా జాగ్రత్తగా మాట్లాడతారు. పనిలో పనిగా ఆయనకి ఇది కూడా చెప్పండి: ప్రచారం కాల్స్‌కి 140తో మొదలయ్యే నంబర్లు, బ్యాంకుల సర్వీస్ కాల్స్‌కి 1600తో మొదలయ్యేవి కేటాయించారు. మామూలు పది అంకెల మొబైల్ నంబర్ నుంచి "బ్యాంక్ నుంచి మాట్లాడుతున్నాం, ఓటీపీ చెప్పండి" అంటే ఫోన్ పెట్టేయమనండి. అసలు ఓటీపీ ఏ నంబర్ నుంచి అడిగినా చెప్పకూడదనుకోండి.

రింగ్‌టోన్‌నీ కాలర్ ట్యూన్‌నీ కలిపేసుకునేవాళ్ళు షాపుకి రోజూ వచ్చేవాళ్ళు, అందుకని ఇది కూడా. నాన్నగారికి ఎవరైనా చేసినప్పుడు వాళ్ళ చెవిలో వినబడే పాట నెట్‌వర్క్ కంపెనీ వైపు నుంచి వస్తుంది, ఫోన్ సెట్టింగ్స్‌తో దానికి సంబంధం లేదు. ఆయన ఏదో నొక్కి అది ఆన్ అయిపోయి డబ్బులు కట్ అవుతుంటే 155223కి ఫోన్ చేసి ఆపించొచ్చు.

ఇంట్లో ఎవరిదైనా ఐఫోన్ అయితే పద్ధతి వేరు. ఐఓఎస్ 26 వచ్చాక ఫైల్స్‌లో ఉన్న 30 సెకన్లలోపు ఆడియోని షేర్ నొక్కి రింగ్‌టోన్‌గా పెట్టుకోవచ్చు, అంతకుముందు వెర్షన్లలో గ్యారేజ్‌బ్యాండ్ యాప్ ద్వారా తిప్పలు పడాల్సిందే.

చివరగా, మనిషి మనిషికి పెట్టిన ఈ టోన్లు గూగుల్ అకౌంట్‌తో కొత్త ఫోన్‌లోకి రావు, పేర్లు నంబర్లే వస్తాయి. ఆ నాలుగైదు ఫైళ్ళు మీ దగ్గర కూడా ఒక కాపీ ఉంచుకోండి. ఫోన్ ఏ కంపెనీది, ఏ మోడల్ అనేది కింద రాస్తే, ఏ మెనూలో ఏముందో ఇంకా సరిగ్గా చెప్తాను.