అతని ఆఫీసు పడమర, ఆమె బడి తూర్పు: ఇల్లు ఎక్కడ?

ప్రశ్న: నా వయసు 31, మావారికి 35. మాకు ఐదేళ్ల బాబు. మావారు హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తారు. వారానికి మూడు రోజులు ఆఫీసుకు వెళ్తే చాలు. నాకు 2024 డీఎస్సీ ఉపాధ్యాయ నియామకాల్లో ఎస్‌జీటీగా (సెకండరీ గ్రేడ్ టీచర్) ఉద్యోగం వచ్చింది. భువనగిరి దాటాక ఒక ఊరి ప్రాథమిక పాఠశాలలో పోస్టింగ్ ఇచ్చారు. కొండాపూర్ నుంచి రోజూ అప్ అండ్ డౌన్ చేస్తున్నాను. నాలుగున్నరకు లేచి వంట ముగించి 5:50కి ఇల్లు వదిలితే మెట్రోలో ఉప్పల్, అక్కడి నుంచి బస్సులో భువనగిరి, ఆపైన ఆటో. బాబు నిద్ర లేచేసరికి నేను ఉప్పల్‌లో ఉంటాను. వాడిని తయారు చేసి బడికి పంపేది మావారే, ఆ మాట ఒప్పుకోవాలి. తిరిగి ఇల్లు చేరేసరికి రాత్రి ఏడు. ఉప్పల్ వైపు మారదామంటే ఆయన ఒప్పుకోవడం లేదు. “నీకు బస్సు ఎలాగూ ఫ్రీయే, ఇల్లు నడిచేది నా జీతంతో, పైగా మీ పుట్టింటి పక్కన చేరితే ఇల్లరికం వచ్చాడంటారు” అంటున్నారు. మా పుట్టిల్లు రామంతాపూర్. అత్తమామలు సంగారెడ్డిలో ఉంటారు కాబట్టి వారికి దగ్గరని తెల్లాపూర్‌లో కట్టబోయే అపార్టుమెంటులో ఫ్లాటు బుక్ చేస్తానంటున్నారు. లోను కోసం నా పే స్లిప్పులూ అడిగారు. మొన్న మాటా మాటా పెరిగి, అంత కష్టంగా ఉంటే ఉద్యోగం మానేయమన్నారు. ఏం చేయాలి? – ఒక సోదరి

జవాబు: మీ ఉత్తరంలో మూడు తగవులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉన్నాయి. ప్రస్తుతం అద్దెకు ఎక్కడ ఉండాలన్నది మొదటిది, ఎక్కడ ఇల్లు కొనాలన్నది రెండవది, నలుగురూ ఏమంటారన్నది మూడవది. మీ ఇద్దరి మధ్య ఇవన్నీ ఒకే మాటగా వచ్చేస్తున్నందువల్ల, మీరు అద్దె ఇంటి గురించి అడిగితే ఆయన ఫ్లాటు గురించి జవాబిస్తున్నారు, ఫ్లాటు గురించి అడిగితే ఇల్లరికం ప్రస్తావన వస్తోంది. కాబట్టి వీటిని ముందు విడదీయాలి.

అద్దె ఇంటి విషయంలో ఒక కాగితం తీసుకుని వారానికి ఎవరు ఎన్ని గంటలు దారిలో గడుపుతున్నారో ఇద్దరూ కలిసి రాయండి. కిలోమీటర్లు రాయవద్దు, గడప దాటినప్పటి నుంచి తిరిగి గడప తొక్కేదాకా పట్టే గంటలే రాయండి. మీరు చెప్పినదాన్ని బట్టి మీకు పోనూ రానూ రోజుకు 6 గంటలు, శనివారం కూడా బడి ఉంటుంది కాబట్టి వారానికి 36. ఆయనకు కొండాపూర్ నుంచి రోజుకు గంట వేసుకున్నా, మూడు రోజులకు 3 గంటలు. రెండూ కలిపి 39. అదే ఇల్లు ఉప్పల్, హబ్సిగూడల మధ్య మెట్రో స్టేషనుకు నడిచివెళ్లే దూరంలో ఉంటే మీ ప్రయాణం సుమారు సగానికి, అంటే వారానికి 18 గంటలకు దిగుతుంది. ఆయనకు రాయదుర్గం దాకా రైలు, అక్కడి నుంచి ఆఫీసు క్యాబో ఆటోనో కలిపి పోనూ రానూ రోజుకు 3 గంటలు, మూడు రోజులకు 9. మొత్తం 27. కుటుంబానికి వారంలో 12 గంటలు మిగులుతాయి. రేపు ఆయన సంస్థ ఐదు రోజులూ రమ్మన్నా మొత్తం 33 గంటలే అవుతుంది, అప్పటికీ ఆయన భారం మీకంటే తక్కువే. ఈ అంకెలు నేను వేసినవి కాబట్టి ఆయన వీటిని నమ్మనవసరం లేదు. ఆయన చేతనే వేయించండి.

ఇక్కడ మీకూ ఒక మాట చెప్పాలి. బోడుప్పల్, నారపల్లి వైపు వెళ్తే మీకు ఇంకా దగ్గరవుతుంది. ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగుతుండటంతో ఆ రోడ్డు మీద రోజూ పోయేవారు పడే అవస్థా మీకు కొంత తప్పుతుంది. కానీ అంత దూరం వెళ్తే ఆయనకు మెట్రో అందదు. నాగోలు–రాయదుర్గం లైనులో మధ్యలో రైలు మారే పని లేకపోవడమే ఈ ఏర్పాటుకు ప్రాణం, దానిని పోగొట్టి ఆయనను ఒప్పించలేరు. రాయదుర్గంలో దిగాక నానక్‌రామ్‌గూడ దాకా సాయంత్రం పూట ట్రాఫిక్ ఎలా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది. ఆయన ఎదురు చెబుతున్నవాటిలో అది నిజమైన ఇబ్బంది, దానిని కొట్టిపారేయకండి.

ఇద్దరికీ నడిమధ్యన, అమీర్‌పేటలోనో పంజాగుట్టలోనో చూసుకోండని చెప్పేవారు మీ చుట్టూ ఉండే ఉంటారు. పటం మీద న్యాయంగా కనిపించే ఈ సలహా నాకు ఎప్పుడూ నచ్చలేదు. ఇద్దరి బంధువులకూ దూరమై, పిల్లవాడిని చూసుకునే మనిషి లేక, అద్దె ఎక్కువ కట్టి, ఇద్దరూ సమానంగా అలసిపోవడానికి అది మార్గం. బాబు జూన్‌లో ఒకటో తరగతిలో చేరతాడు కాబట్టి, జ్వరం వచ్చిందని బడి నుంచి ఫోను వస్తే పావుగంటలో చేరుకోగల పెద్దమనిషి ఎవరన్నది మీ ఇద్దరి ఆఫీసుల దూరం కంటే పెద్ద ప్రశ్న. ఆయన ఇంట్లో ఉండే రోజుల్లో ఆ మనిషి ఆయనే, మిగిలిన మూడు రోజులకు రామంతాపూర్‌లో మీ అమ్మగారు ఉన్నారు.

ఇల్లరికం అన్న మాటను నవ్వి తీసిపారేయాలని మీకు అనిపించవచ్చు, కానీ అలా చేయవద్దు. మీవారి వాదన అంతా ఒక ఎత్తు, ఆ ఒక్క మాట ఒక ఎత్తు అని నా అనుమానం. అత్తగారి వీధిలో కాపురం పెట్టిన మగవాడిని మన బంధువర్గం సరదాగానే అయినా ఎలా ఆటపట్టిస్తుందో, పెళ్లి పందిట్లో ఆ సరదా ఎంత దూరం పోతుందో మీకు తెలియనిది కాదు. ఆయన భయాన్ని ఆయన నోటితో ఒకసారి పూర్తిగా చెప్పనివ్వండి. ఇల్లు రామంతాపూర్‌లో వద్దు, హబ్సిగూడలోనో ఉప్పల్‌లోనో తీసుకుందామని, మీ అమ్మగారు కబురు చేయనిదే రారని, సంగారెడ్డి నుంచి మీ అత్తమామలు వచ్చినప్పుడు ఉండటానికి ఒక గది విడిగా ఉండేలా చూద్దామని ముందే చెప్పండి. అత్తమామలతో ఈ సంగతి మాట్లాడవలసింది మాత్రం ఆయనే, మీరు చెబితే అది కోడలి పట్టుదలగానే వారికి వినిపిస్తుంది.

“బస్సు ఫ్రీయే కదా” అన్న మాట మిమ్మల్ని ఎక్కువగా నొప్పించినట్టుంది. 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకంలో మీ చేతికి వస్తున్న జీరో టికెట్టు ఛార్జీని మాత్రమే తీసేసింది. తెల్లవారుజాము నాలుగున్నరను ఏ పథకమూ తీసివేయలేదు. ఇది వాదించి ఆయనకు చెప్పగలిగే సంగతి కాదు. ఒక బుధవారం సెలవు పెట్టించి, బాబును ముందు రోజు రాత్రే అమ్మమ్మగారింట్లో ఉంచి, ఆయనను మీతో తీసుకెళ్లండి. 5:50కి ఇద్దరూ కలిసి బయలుదేరి, ఉప్పల్‌లో బస్సు ఎక్కి, సీటు దొరకకపోతే నిలబడి, సాయంత్రం మళ్లీ అదే దారిన ఇల్లు చేరి, వచ్చాక వంట కూడా ఆ వేళకే మొదలుపెట్టండి. దారి పొడవునా మీరు ఒక్క ఫిర్యాదూ చేయవద్దు. మరో రోజు సాయంత్రం ఆరున్నరకు మీరు నానక్‌రామ్‌గూడ వెళ్లి, ఆయనతో కలిసి రాయదుర్గం మీదుగా ఉప్పల్ దాకా రండి. ఆయన అడగకముందే మీరు ఈ పని చేస్తే మొదటిది పరీక్షలా ఉండదు.

ఇక ఫ్లాటు. మీది జిల్లా క్యాడర్ పోస్టు కాబట్టి బదిలీ అయినా యాదాద్రి భువనగిరి జిల్లాలోనే ఉంటారు. ఇప్పటివరకు ఉపాధ్యాయ బదిలీల్లో నడిచిన నిబంధనల ప్రకారం రెండేళ్లు నిండితే దరఖాస్తు చేయవచ్చు, ఎనిమిదేళ్లు నిండితే కదలక తప్పదు. బదిలీలో కలిసొచ్చే స్పౌజ్ పాయింట్లు భార్యాభర్తలిద్దరూ ప్రభుత్వ, ప్రభుత్వ రంగ ఉద్యోగులైతేనే వస్తాయి కనుక వాటి మీద ఆశ పెట్టుకోకండి. బీబీనగర్ వైపో పోచంపల్లి వైపో ఖాళీ దొరికితే మీ దారి ఇంకా తగ్గుతుంది, చౌటుప్పల్ వస్తే విజయవాడ హైవే పట్టుకోవాలి. ఏది వచ్చినా ఉప్పల్, నాగోలు వైపు ఇల్లు పనికొస్తుంది, తెల్లాపూర్ ఏదానికీ పనికిరాదు. మీ దిక్కు ఎక్కడికీ పోదు, మారే అవకాశం ఉన్నది ఆయన దిక్కే: ఆయన సంస్థ మారవచ్చు, ఇంటి నుంచి పనిచేసే రోజులు పెరగవచ్చు, తగ్గవచ్చు. కదలని ఉద్యోగానికి దగ్గరగా ఉండటం, కదిలే ఉద్యోగానికి రైలు సౌకర్యం చూసుకోవడం ఇప్పటికి తెలివైన పని.

పైగా తెల్లాపూర్ ఫ్లాటు ఇంకా కట్టబోయేది. ఈ రోజు బుక్ చేసినా తాళం చెవులు చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది, అంతవరకు అద్దె, ఈఎంఐ రెండూ కట్టాలి. పెట్టుబడిగా కొనాలని ఆయనకు కోరికైతే అది వేరే సంగతి, తీరికగా మాట్లాడుకోవచ్చు. కానీ మీ పే స్లిప్పులు చూపి లోను పత్రాల మీద సంతకం పెట్టిన రోజు నుంచి మీరు సహ రుణగ్రహీత, వాయిదా ఆగితే బ్యాంకు మిమ్మల్నీ అడుగుతుంది. ఆ పత్రాలతోపాటు ఫ్లాటు కాగితాల్లోనూ మీ పేరు ఉండాలని, కొన్నాక అక్కడే కాపురం ఉండాలన్న షరతు దానికి ముడిపెట్టవద్దని మెత్తగానే అయినా సంతకానికి ముందే చెప్పండి.

ఉద్యోగం మానేయమన్నది కోపంలో వచ్చిన మాటగా తీసుకుని దానికి జవాబు చెప్పకండి. 2017 నోటిఫికేషన్ తర్వాత 2024 దాకా డీఎస్సీ కోసం ఎదురుచూసిన తరంలో మీరూ ఒకరు, ఆ సంగతి ఆయనకూ తెలుసు. చల్లబడ్డాక కూడా అదే మాట మళ్లీ అంటే అప్పుడు నాకు మళ్లీ రాయండి, అది వేరే సమస్య.

కొత్త ఇంటికి అద్దె ఒప్పందం మామూలుగా 11 నెలలకే రాస్తారు. దానినే ఆయన ముందు గడువుగా పెట్టండి: ఏప్రిల్‌లో ఇల్లు చూసి మే నెలలో మారితే జూన్‌లో బడులు తెరిచేనాటికి బాబు అక్కడే ఒకటో తరగతిలో చేరతాడు. వచ్చే ఏడాది ఒప్పందం ముగిసే ముందు మళ్లీ అదే కాగితం తీసి గంటలు లెక్క వేద్దామని, ఆ లెక్క ఆయన వైపు తిరిగితే మీరు మారడానికి సిద్ధమని చెప్పండి. చెప్పాక ఆ మాట మీద నిలబడండి.