ముందు తలుపు చూసుకో, బుజ్జీ

బుజ్జీ,

నీకు అమెరికాలో చదువుకి వీసా వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం తల్లీ. ఆవకాయ, కుక్కర్, చలికోటు సంగతులు తను చూసుకుంటుంది. నేను రాసేది వేరే విషయం. అమెరికాలో యూనివర్సిటీ లైబ్రరీలో ఇరవై రెండేళ్లు పనిచేశాను. మా అంతస్తులో ఎమర్జెన్సీ వస్తే జనాన్ని బయటికి పంపే బాధ్యత నాదే. తుపాకీ పట్టుకుని ఎవరైనా క్యాంపస్‌లోకి వస్తే ఏం చేయాలో మాకు ట్రైనింగ్ ఇచ్చేవాళ్లు. నీకు అలాంటిది ఎదురయ్యే అవకాశం చాలా తక్కువ. కానీ ఎదురైతే అప్పటికప్పుడు ఆలోచించుకునే టైమ్ ఉండదు, అందుకని ఇప్పుడే చెబుతున్నాను.

2007 ఏప్రిల్ 16న అమెరికాలోనే వర్జీనియా టెక్ అనే యూనివర్సిటీలో ఒక విద్యార్థి 32 మందిని కాల్చి చంపాడు. వాళ్లలో 30 మంది నోరిస్ హాల్ అనే ఒక్క బిల్డింగ్‌లోనే పోయారు. కాల్పులు మొదలుపెట్టే ముందు వాడు బయటి తలుపులకి గొలుసులు వేసేశాడు. 206వ గదిలో పాఠం చెబుతున్న లోగనాథన్ గారు, తమిళనాడు నుంచి వెళ్లినాయన, బతకలేదు. 204లో లివియు లిబ్రెస్కు అనే 76 ఏళ్ల ప్రొఫెసర్ తలుపుకి అడ్డంగా నిలబడితే పిల్లలు కిటికీల్లోంచి దూకేశారు. ఆయన ప్రాణం అక్కడే పోయింది. 205లో ఉన్నవాళ్లు పెద్ద బల్లని తలుపుకి ఆనించి గట్టిగా అదిమి పట్టుకున్నారు. వాడు తోశాడు, తలుపులోంచి కాల్చాడు, లోపలికి మాత్రం రాలేకపోయాడు. ఆ గదిలో అందరూ బతికారు. అన్నీ పక్కపక్క గదులే, బుజ్జీ. అది తెలిసినప్పటి నుంచి నేను ఏ గదిలోకి వెళ్లినా ముందు తలుపు చూస్తాను.

నువ్వూ మొదటి వారంలోనే నీ క్లాసురూముల తలుపులు చూసుకో. లోపలి నుంచి గడియ పడుతుందా? లోపలికి తెరుచుకుంటుందా, బయటికా? లోపలికైతే బల్లలు అడ్డం పెట్టొచ్చు. బయటికి తెరుచుకునే తలుపుకి బల్ల పెట్టినా లాభం లేదు. దానికి పైన, తలుపు మెల్లగా మూసుకునేలా చేసే ఇనుప చెయ్యి ఒకటి ఉంటుంది కదా, దానికి బెల్టు బిగించి కట్టాలి. హ్యాండిల్‌ని పట్టి లాగి ఉంచాల్సి వస్తే గోడ పక్కకి ఒదిగి లాగు, తలుపుకి ఎదురుగా నిలబడకు.

మా లైబ్రరీలో ఒకసారి లాక్‌డౌన్ అన్నారు, అంటే ప్రమాదం ఉంది, తలుపులు వేసుకుని లోపలే ఉండమని. చివరికి ఏమీ లేదని తేలింది గానీ, ఆ నలభై నిమిషాలు నాకు ఇప్పటికీ గుర్తే. పదకొండు మందిమి ఒక చిన్న గదిలోకి దూరాం. ఆ తలుపుకి తాళం బయటి నుంచే పడుతుందని అప్పుడే తెలిసింది. బల్లలన్నిటికీ చక్రాలు, ఎంత నెట్టినా జారిపోతున్నాయి. ఆ చక్రాల్ని కాలితో తొక్కితే లాక్ అవుతాయని ఒక కుర్రాడు చెప్పేదాకా ఎవరికీ తట్టలేదు. అన్నేళ్లు అక్కడే పనిచేసి కూడా నాకు తెలియలేదు. ఇప్పటికీ అది తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అయితే దాక్కోవడం రెండోది. బయటపడే దారి ఉంటే మొదట పరుగెత్తాలి. 2023 ఫిబ్రవరిలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో కాల్పులప్పుడు విద్యార్థుల ఫోన్లకి వచ్చిన మెసేజ్‌లో ఉన్నది కూడా అదే వరస: పరుగెత్తు, దాక్కో, వేరే దారి లేకపోతే తిరగబడు. తుపాకీ చప్పుడు మనకి దీపావళి టపాకాయల్లా వినిపిస్తుంది. ఏదో పని జరుగుతోందిలే అనుకుని కూర్చోకు. లాప్‌టాప్, పాస్‌పోర్టు అన్నీ అక్కడే వదిలెయ్. పాస్‌పోర్టు మళ్లీ తీసుకోవచ్చు. పక్కవాళ్లని రమ్మని పిలువు, రాకపోతే వాళ్ల కోసం ఆగకు.

దాక్కుంటే లైట్లు తీసెయ్యండి, తలుపు అద్దానికి కనబడని మూలలో ఉండండి, అందరూ ఒకేచోట గుంపుగా కూర్చోకండి. ఎవరు తలుపు కొట్టినా, పోలీసులమని అన్నా, తొందరపడి తీయకు. వాడు లోపలికి వచ్చేస్తే మాత్రం అందరూ ఒక్కసారిగా మీద పడాలి. కుర్చీ, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, చేతికి ఏది దొరికితే అది.

ఫోన్ వైబ్రేషన్ కూడా ఉండకూడదు. మన ఇళ్లలో ఇది పెద్ద సమస్య. వార్త టీవీలో రాగానే మీ అమ్మ, మీ నాన్న, అత్తయ్యలు, వాట్సాప్ గ్రూప్‌లో ఉన్న ప్రతి ఒక్కళ్లూ టెన్షన్‌తో ఫోన్ చేస్తారు. అందుకే బయల్దేరే ముందే మాట్లాడుకోండి: నువ్వు మీ నాన్నకి ఒక్క మెసేజ్ పెడతావు, మిగతా అందరికీ ఆయన చెబుతాడు, నీకు ఎవరూ ఫోన్ చేయరు. ఈ ఉత్తరం మీ అమ్మకి చూపించు. భయపడుతుందని దాచకు, ఇందులో తను చేయాల్సిన పని కూడా ఉంది.

అక్కడి ఎమర్జెన్సీ నంబర్ 911కి ఫోన్ చేస్తే ముందు బిల్డింగ్ పేరు, గది నంబర్ చెప్పు. అక్కడ సెకండ్ ఫ్లోర్ అంటే మన ఫస్ట్ ఫ్లోర్, అది మర్చిపోకు. మాట్లాడలేకపోతే చాలా చోట్ల 911కి మెసేజ్ కూడా పంపొచ్చు. మీ ఊళ్లో ఆ వీలుందో లేదో వెళ్లగానే కనుక్కో.

పోలీసులు వచ్చాక చాలామంది చేసే తప్పు ఒకటుంది. ప్రాణం లేచొచ్చి వాళ్ల వైపు పరుగెత్తుతారు. అలా చేయకు. నువ్వెవరో వాళ్లకి తెలియదు. రెండు చేతులూ పైకెత్తి, వేళ్లు విడదీసి, ఖాళీగా చూపించు. ఫోన్ కూడా చేతిలో వద్దు. దెబ్బ తగిలినవాళ్లని దాటుకుని వాళ్లు ముందుకెళ్లిపోతారు, కోపం తెచ్చుకోకు. ముందు వాడిని ఆపడమే వాళ్ల పని. ఈలోగా పక్కవాళ్లకి రక్తం కారుతుంటే చున్నీ మడిచి గాయం మీద పెట్టి, ఒంటి బరువంతా వేసి నొక్కిపట్టు. ఆగిందా అని మాటిమాటికీ తీసి చూడకు. దీనికి స్టాప్ ద బ్లీడ్ అనే క్లాసు ఉంటుంది, ఒక్క పూట పని. మొదటి సెమిస్టర్‌లోనే చేరు.

ఇంకో మాట. వర్జీనియా టెక్‌లో ఆ పొద్దున ఏడుంపావుకే హాస్టల్లో ఇద్దరిని కాల్చాడు. విద్యార్థులకి ఈమెయిల్ వెళ్లింది 9:26కి. ఆ తర్వాత చట్టం మార్చారు, ఇప్పుడు ప్రమాదం ఖాయమని తెలియగానే కాలేజీ హెచ్చరిక పంపాలి. కానీ నీ అప్లికేషన్‌లో ఉన్నది ఇండియా నంబర్. అక్కడ సిమ్ తీసుకున్న రోజే స్టూడెంట్ పోర్టల్‌లో నంబర్ మార్చి, అలర్ట్ మెసేజ్‌లు ఆన్ చేసి, నాకు ఒక ముక్క పెట్టు. ఆ రాత్రి నేను నిద్రపోకుండా చూస్తుంటాను.

నీ పెద్దమ్మ